రాత్రికి రాత్రే విశాఖ, తెల్లవారితే జలపాతం: ఈ పరుగు యాత్రలు మానండి



మన తణుకు చెంతనే గోస్తనీ పారుతుంది. విశాఖ మన్యంలో అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా ప్రవహించి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే నదికి కూడా గోస్తనీ అనే పేరు. కటికి జలపాతం ఆ గోస్తనీ మీదిదే. ఈ గోస్తనీ తీరాన కాపురముంటున్న కుటుంబాలు ఆ గోస్తనీ కొండ మీద నుండి దూకే చోటును చూసిరావాలని ముచ్చటపడితే నాకు సంతోషమే. పిల్లలు సముద్రాన్ని, కొండలను చూడాలి. వృద్ధులు కూడా ఇల్లు దాటి నాలుగు రోజులు తిరిగిరావాలి. నేను యాత్రలకు విరోధిని కాను. ఈ వ్యాసంలో నేను విరోధించేది ఒక్క దానినే. రాత్రంతా మెలకువగా కారు నడిపి, సెలవును మిగుల్చుకున్నామనుకునే అలవాటును.

గత వారం మా వీధిలో వస్త్ర దుకాణం నడిపే ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. ఘాట్ రోడ్డులో పిల్లలకు వాంతులు కాకుండా మాత్రలు వ్రాసిమ్మన్నాడు. యాత్ర ఎలా సాగుతుందని అడిగాను. ఉత్సాహంగా ఫోను తీసి చూపించాడు. శుక్రవారం రాత్రి దుకాణం కట్టేసి పదిన్నరకు బయలుదేరుతారు. తెల్లవారకముందే విశాఖ. స్నానాలు చేసి సింహాచలం దర్శనం, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, సాయంత్రం రామకృష్ణా బీచి. ఆదివారం తెల్లవారుజామున అరకు ప్రయాణం. దారిలో బొర్రా గుహలు, కటికి జలపాతం, ఆపైన చాపరాయి. చీకటి పడ్డాక అక్కడి నుండి నేరుగా తణుకు. సోమవారం ఉదయం దుకాణం తెరవాలి, పిల్లలు బడికి వెళ్లాలి. కారులో అతడు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, తండ్రి. నడిపేది అతడొక్కడే.

తణుకు నుండి విశాఖ ఇంచుమించు 240 కిలోమీటర్లు. విశాఖ నుండి అరకు మరో 115. రానుపోను కలిపితే ఏడు వందలు దాటుతుంది. అందులో కొంత కొండదారి. రెండు రాత్రులు, రెండు పగళ్లు. ఈ మధ్యలో ఆ యువకుడు ఎన్ని గంటలు నిద్రపోతాడో ఆ జాబితాలో ఎక్కడా లేదు.

"శుక్రవారం రాత్రి వద్దు నాయనా, శనివారం తెల్లవారాక బయలుదేరు" అన్నాను.

"రాత్రయితే రోడ్డు ఖాళీగా ఉంటుందండీ డాక్టరుగారూ, పిల్లలు కూడా పడుకుంటారు. ఒక పగలు కలిసొస్తుంది. అయినా నాకు నిద్ర రాదండి, అలవాటే" అని నవ్వాడు.

ఆ మాట అతడొక్కడిదే అయితే ఈ వ్యాసం వ్రాసేవాడిని కాను. ఈ నలభై ఏళ్లలో ఆ మాటను నేను వందలసార్లు విన్నాను. చదువుకున్నవారి నోట విన్నాను, తోటి వైద్యుల నోట విన్నాను. ఒకప్పుడు నా ఇంట్లోనే విన్నాను. అందుకే వివరంగా సమాధానం చెప్పదలచుకున్నాను.

ముందుగా "నాకు నిద్ర రాదు" అనే మాటను పరిశీలిద్దాం. నిద్ర మన పట్టుదలకు లొంగే విషయం కాదు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో నిద్ర ఒత్తిడి పేరుకుంటూ ఉంటుంది. దానికి తోడు శరీరంలో ఒక గడియారం ఉన్నది. రాత్రి రెండు గంటల నుండి తెల్లవారుజాము ఐదు గంటల వరకు ఆ గడియారం మనిషిని నిద్రలోకి లాగుతుంది. మధ్యాహ్న భోజనం తరువాత మరోసారి, కొంత తక్కువ బలంతో లాగుతుంది. ఈ రెండు వేళలూ ఎవరికీ మినహాయింపు ఇవ్వవు. "అలవాటే" అన్నవానికి అలవాటైనది మేల్కొని ఉండటం మాత్రమే. మేల్కొని ఉన్నంత మాత్రాన చురుకుగా ఉన్నట్లు కాదు. పైగా నిద్రలేమిలోని పెద్ద చిక్కు ఇదే: తాను ఎంత మందగించాడో తెలుసుకునే శక్తి కూడా అందులోనే మందగిస్తుంది. తాగినవాడు "నేను బాగానే ఉన్నాను" అన్నట్లే, నిద్రకు నోచుకోనివాడు కూడా అంటాడు.

ఈ పోలిక అలంకారం కోసం తెచ్చినది కాదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ దీనిని కొలిచి చూశారు. ఏకధాటిగా 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోయింది. 24 గంటలు మేల్కొంటే అది 100 మిల్లీగ్రాములకు సమానం. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములు. దానిని దాటితే శిక్ష.

ఇప్పుడు మా వీధి యువకుని లెక్క చూడండి. శుక్రవారం ఉదయం ఆరు గంటలకు లేస్తాడు. రోజంతా దుకాణంలో నిలబడతాడు. రాత్రి పదకొండు గంటలకు పదిహేడు గంటలు నిండుతాయి. అంటే సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరిని దాటేవేళకే అతని చేతులు, చూపు, నిర్ణయశక్తి చట్టం హద్దును దాటిన తాగుబోతు స్థాయికి చేరుతున్నాయి. అన్నవరం, తుని దాటి నక్కపల్లి వైపు వెళ్లేసరికి రాత్రి రెండు, రెండున్నర. శరీర గడియారం అట్టడుగున ఉండే వేళ. అంత మద్యం తాగి స్టీరింగు ముందు కూర్చుంటే అతని తల్లి కారెక్కుతుందా? భార్య పిల్లలను ఎక్కిస్తుందా? నిద్రలేని మనిషి పక్కన మాత్రం అందరమూ నిశ్చింతగా కళ్లు మూసుకుంటాము.

కునుకు అనేది కళ్లు పూర్తిగా మూసుకుంటేనే రాదు. కళ్లు తెరచి ఉండగానే మెదడు మూడు నాలుగు సెకన్లు మూసుకుపోతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. నాలుగు సెకన్లలో కారు వంద మీటర్లు నడిపేవాడు లేకుండా పరుగెడుతుంది. ఆ వంద మీటర్లలో రోడ్డు పక్కన ఆపిన లారీ ఉండవచ్చు, వంపు ఉండవచ్చు, తెల్లవారుజామున పొలానికి బయలుదేరిన రైతు సైకిలు ఉండవచ్చు.

నేను ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో కొన్నేళ్లు జాతీయ రహదారి పక్కనున్న ఆసుపత్రిలో ఉన్నాను. రాత్రి విధులలో మాకొక భయం ఉండేది. పదకొండు గంటల వరకు వచ్చే ప్రమాద బాధితులలో ఎక్కువమందికి చేతులు, కాళ్లు విరిగేవి. మూడు, నాలుగు గంటల మధ్య వచ్చేవారిలో చాలామంది స్ట్రెచరు మీదనే పోయేవారు. వాంగ్మూలం కోసం వచ్చిన కానిస్టేబులు నాకు ఒకసారి దాని రహస్యం చెప్పాడు. "రోడ్డు మీద బ్రేకు గుర్తు లేదండి" అన్నాడు. మెలకువగా ఉన్నవాడు చివరి క్షణంలోనైనా బ్రేకు తొక్కుతాడు. నిద్రలో ఉన్నవాడు తొక్కడు. ఉన్న వేగంతోనే వెళ్లి గుద్దుతాడు.

ఆ మృతులకు శవపరీక్ష నివేదికలు నేనే వ్రాసేవాడిని. తలకు గాయం, రక్తస్రావం, షాకు అని వ్రాశాను. నిద్ర అని ఒక్కసారి కూడా వ్రాయలేదు. వ్రాసే వీలు లేదు. మద్యాన్ని రక్తంలో కొలవవచ్చు, నిద్రలేమిని శవంలో కొలవలేము. పోలీసువారు అతివేగం, అజాగ్రత్త అని వ్రాసుకుంటారు. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. రోజుకు 460 మందికి పైగా. అందులో నిద్ర వాటా ఎంతో ఆ పట్టికలలో సరిగా కనబడదు. లెక్కకు రాని హంతకునికి ఎవరూ భయపడరు. మన నిర్భయత్వానికి మూలం అక్కడే ఉంది.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. చెప్పకుండా మీకు నీతులు బోధించే అర్హత నాకు లేదు.

నేను పదవీ విరమణ చేసిన కొద్దికాలానికి మా కుటుంబమంతా ఇదే విశాఖ, అరకు యాత్ర చేశాము. కటికి జలపాతం వద్ద పిల్లలు కేరింతలు కొట్టారు. ఆదివారం సాయంత్రం అరకులో బయలుదేరేసరికే చీకటి పడింది. విశాఖలో భోజనం చేసేసరికి పదకొండు. సోమవారం మా అబ్బాయికి ఆఫీసు. "ఇక్కడే పడుకుని పొద్దున్నే వెళ్దాంరా" అనే మాట నా నాలుక చివర వరకు వచ్చింది. "ఫర్వాలేదు నాన్నగారూ, నాలుగ్గంటల్లో ఇంట్లో ఉంటాం" అన్నాడు. నేను మారు పలకలేదు. వెనుక సీటులో మూడేళ్ల మనవరాలిని ఒడిలో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. నాకు సీటు బెల్టు లేదు. మా ఆవిడకూ లేదు. నలభై ఏళ్లు వైద్యం చేసినవాడి సంసారం అది!

కత్తిపూడి దాటాక, రాత్రి రెండు గంటలకు కాబోలు, పెద్ద చప్పుడుతో మెలకువ వచ్చింది. కారు రోడ్డు మధ్యనున్న విభాజకాన్ని రాసుకుంటూ వెళ్లి, గన్నేరు మొక్కలలోకి ఎక్కి ఆగింది. మనవరాలు నా చేతులలోంచి జారి ముందు సీట్ల మధ్య పడి ఉన్నది. నుదుటి మీద చిన్న గాటు తప్ప మరేమీ కాలేదు. మా అబ్బాయి స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. "నేను నిద్రపోలేదు నాన్నా" అన్నాడు. అబద్ధమాడలేదు. తాను నిద్రపోయిన సంగతి అతనికి నిజంగానే తెలియదు. ఆ వేళ వెనుక లారీ ఏదీ దగ్గరలో లేదు. అందువల్ల నేడు ఈ వ్యాసం వ్రాస్తున్నాను. అది మా జాగ్రత్త వల్ల దక్కిన ఫలితం కాదు.

ఆ రాత్రి తప్పు మా అబ్బాయిది అని నేను అనను. వాడు అలసిన మనిషి. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. పెద్దవాడిగా, వైద్యుడిగా ఆ ఇంట్లో అడ్డుచెప్పగలిగినవాడిని నేనొక్కడినే. అడ్డు చెప్పలేదు.

ప్రముఖుల విషయంలోనూ రహదారి మినహాయింపు ఇవ్వలేదు. 2012 నవంబరు 2 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా రణస్థలం సమీపంలో, మనం విశాఖకు వెళ్లే ఈ జాతీయ రహదారి మీదనే, కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు గారి కారు ట్యాంకరును ఢీకొన్నది. ఆయన మరణించారు. 2018 ఆగస్టు 29 ఉదయం నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ గారు చీకటితోనే బయలుదేరి, తానే కారు నడుపుకుంటూ పెళ్లికి వెళ్తూ ప్రమాదంలో కారు నుండి బయటకు విసిరివేయబడి కన్నుమూశారు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు పాల్ఘర్ వద్ద వంతెన గోడను ఢీకొన్నది. బెల్టు పెట్టుకున్న ముందు సీటువారిద్దరూ బ్రతికారు. బెల్టు పెట్టుకోని వెనుక సీటువారిద్దరూ మరణించారు. వీరి పేర్లు నేను విమర్శకు చెప్పడం లేదు. ఖరీదైన కారు ఉంటే, అనుభవం ఉంటే ఏమీ కాదనే ధీమాకు జవాబుగా చెబుతున్నాను.

పసిపిల్లను ఒడిలో పెట్టుకునే సంగతి కూడా ఇక్కడే చెప్పనివ్వండి. "నా చేతులలో ఉంటే భద్రం" అని ప్రతి తల్లీ, ప్రతి తాతా అనుకుంటారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గుద్దుకుని క్షణంలో ఆగితే, పది కిలోల బిడ్డ మన చేతులకు పాతిక, ముప్పై రెట్లు బరువుగా ముందుకు దూసుకుపోతుంది. రెండు మూడు వందల కిలోలను పట్టి ఆపగల చేతులు ఎవరికున్నాయి? బెల్టు లేని పెద్దవారి ఒడిలో ఉంటే, ఆ పెద్దవారి బరువు కూడా బిడ్డ మీదనే పడుతుంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఆ వెయ్యి రూపాయలను తలచుకుని కాదు, ఆ బరువును తలచుకుని పిల్లల సీటు కొనండి. పుట్టినరోజు విందు ఖర్చులో అది ఎంత?

కొండదారి సంగతికి వస్తాను. 2021 ఫిబ్రవరి 12న హైదరాబాదు నుండి వచ్చిన బంధుమిత్రులు అరకు చూసుకుని విశాఖకు తిరిగివస్తుండగా, చీకటి పడే వేళ అనంతగిరి సమీపంలోని డముకు వద్ద వారి బస్సు లోయలో పడింది. నలుగురు మరణించారు. వారిలో ఒక పసిబిడ్డ ఉన్నది. దాని కారణాలను నిర్ణయించేవాడిని నేను కాను. మీకు నేను చెప్పేది ఇంతే: ఘాట్ రోడ్డు పగలు చూడవలసినది, పగలే దిగవలసినది. అలవాటు లేని దారిని, అలసిన వేళ, చీకటిలో దిగాలని ముందే కాగితం మీద వ్రాసుకోవడం వివేకం కాదు.

జలపాతం దగ్గర మరొక పరుగు ఉంటుంది. వంద మైళ్లు నడిపి వచ్చాము, అరగంటే సమయం, తడవకుండా వెళ్తామా అనే ఆత్రం. 2024 సెప్టెంబరు 22 ఆదివారం నాడు మన రాజమహేంద్రవరానికి ఎగువన, మారేడుమిల్లి ప్రాంతంలోని జలతరంగిణి జలపాతానికి ఏలూరు నుండి వైద్య విద్యార్థులు విహారానికి వెళ్లారు. ఉన్నట్టుండి వరద పెరిగింది. ఐదుగురు కొట్టుకుపోయారు. ఇద్దరిని రక్షించగలిగారు. ముగ్గురు తిరిగిరాలేదు. మరి కొన్నేళ్లకు ఏదో ఒక ఆసుపత్రిలో నా వంటివాడి కుర్చీలో కూర్చోవలసిన పిల్లలు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

వరద ఉన్నట్టుండి ఎలా పెరుగుతుందని మీరు అడగవచ్చు. మనం నిలబడిన చోట ఎండ కాస్తూ ఉంటుంది. కొండపైన, కంటికి కనబడని చోట, గంట క్రితం వాన పడి ఉంటుంది. ఆ నీరంతా ఇరుకైన గెడ్డలోకి చేరి ఒక్కసారిగా దిగుతుంది. నీరు బురద రంగుకు తిరిగినా, కొమ్మలు ఆకులు కొట్టుకువచ్చినా, చప్పుడు మారినా వెంటనే గట్టెక్కాలి. వస్తువుల కోసం ఆగకూడదు. మోకాలి లోతు ప్రవాహం పెద్దవారిని కూడా పడగొట్టగలదు. నాచు పట్టిన బండ మీద కాలు జారితే తల ముందు తగులుతుంది, ఈత వచ్చినా ప్రయోజనం ఉండదు. వానాకాలంలో జలపాతాన్ని దూరం నుండి చూసి ఆనందించండి. స్థానిక గిరిజనులు "దిగవద్దు బాబూ" అంటే, ఆ మాటను మన చదువుల కంటే ఎక్కువగా నమ్మండి. ఆ నీటితో వారు తరతరాలుగా కాపురం చేస్తున్నారు.

ఈ యాత్రలలో ఎవరూ పట్టించుకోనివారు ఇంటి వృద్ధులు. దారిలో మరుగుదొడ్డి దొరకదని అత్తగారు ఉదయం నుండి మంచినీళ్లు తాగరు. మూత్రం ఎక్కువగా వస్తుందని మామగారు రక్తపోటు మాత్ర మానేస్తారు. వారు నోరు తెరచి చెప్పరు. కారు ఆపమనడానికి మొహమాటం. నాలుగు గంటలకు పైబడి కదలకుండా కూర్చుంటే కాలి లోపలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అధ్యయనం చెప్పింది. మొత్తం మీద అది ఆరు వేలమందిలో ఒకరికి వచ్చే ప్రమాదమే, భయపడవలసినంత పెద్దది కాదు. కాని స్థూలకాయం, ఇటీవలి శస్త్రచికిత్స, క్యాన్సరు, పూర్వం గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవారికి ఎక్కువ. యాత్ర తరువాత ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే నూనె రాసి మర్దనా చేయకండి, వైద్యునికి చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకండి. మధుమేహానికి మందు వాడేవారు భోజనం వేళ దాటితే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఆ మనిషే కారు నడుపుతున్నవాడైతే సంగతి మీరే ఊహించండి.

ఆ యువకుడు అడిగిన వాంతుల మాత్రలకు కూడా ఈ కథతో సంబంధం ఉంది. ప్రొమెథజిన్ వంటి ఆ మందులు గాఢమైన మత్తు తెస్తాయి. రెండేళ్లలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. నడిపేవాడు దానిని గాని, జలుబు మాత్రను గాని వేసుకుని స్టీరింగు పట్టకూడదు. ఇంట్లో ఉన్న మాత్రే కదా అని అందరికీ పంచిపెట్టే తల్లులకు ఈ హెచ్చరిక.

ఇక మీ వాదనలు నాకు తెలుసు.

"మేము డ్రైవరును పెట్టుకున్నామండీ" అంటారు. మంచిది. ఆ డ్రైవరు మీకు ముందు రాత్రి ఎవరిని ఎక్కడ దించి వచ్చాడో అడిగారా? విశాఖలో మీరు చల్లని గదిలో పడుకుంటారు. అతడు కారు సీటు వెనక్కు వాల్చుకుని, దోమలతో, అద్దాలు సగం దించుకుని పడుకుంటాడు. తెల్లవారాక మీ ఆరుగురి ప్రాణాలను అతని చేతిలో పెట్టి కొండ ఎక్కుతారు. గదులు మాట్లాడుకునేటప్పుడు "డ్రైవరుకు మంచం ఉందా?" అని అడిగేవారు వందకు ఎందరు? ఇది దయాధర్మాల మాట కాదు. అతని నిద్ర మీ పిల్లల ఆయువు. మంచం లేని లాడ్జీని వదిలి మరొకటి చూసుకోండి. అందరూ అడిగితే లాడ్జీలవారే ఏర్పాటు చేస్తారు.

"టీ తాగుతూ వెళ్తాం, పాటలు పెట్టుకుంటాం, కిటికీ తెరుస్తాం" అంటారు. పాటలకు, గాలికి నిద్ర ఆగదు. టీ, కాఫీ పనిచేయడానికి అరగంట పడుతుంది, ప్రభావం కొంతసేపే. కునుకు వస్తున్నట్లు అనిపిస్తే చేయవలసినది ఒక్కటే. వెలుతురున్న పెట్రోలు బంకులోనో, ధాబా ఆవరణలోనో కారు ఆపి, కాఫీ తాగి, ఇరవై నిమిషాలు పడుకోవాలి. అది కూడా తాత్కాలిక ఉపశమనమే. రహదారి అంచున మాత్రం ఆపకండి.

"మాకు సెలవు లేదు, డబ్బు లేదు" అంటారు. ఇది న్యాయమైన బాధ. చిన్న దుకాణదారుకు, ప్రైవేటు ఉద్యోగికి రెండు రోజులు దొరకడమే గొప్ప. దానిని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే రెండు రోజులలో నగరమూ, కొండలూ, గుహలూ, జలపాతమూ అన్నీ చూడాలని ఎవరు శాసించారు? పొరుగువారు పెట్టిన ఫోటోలా? ఈసారి విశాఖ చూడండి, వచ్చే ఏడు అరకు చూడండి. లేదా తణుకులో గాని, నిడదవోలు జంక్షనులో గాని రైలెక్కి విశాఖ వెళ్లండి. అక్కడి నుండి ఉదయం కిరండూలు వైపు వెళ్లే రైలు సొరంగాలు దాటుకుంటూ, బొర్రా మీదుగా అరకు చేరుస్తుంది. 2017 నుండి ఆ మార్గంలో అద్దాల పెట్టె కూడా నడుస్తున్నది. కొండలను కిటికీలో నుండి తండ్రి కూడా చూడవచ్చు. కారు నడిపే తండ్రి చూసేది రోడ్డు ఒక్కటే గదా! కారే కావాలంటే, ఏడు గంటలు నిండుగా నిద్రపోయి, తెల్లవారి ఐదున్నరకు బయలుదేరండి. పదకొండింటికి విశాఖలో ఉంటారు. ప్రతి రెండు గంటలకు ఆపండి, వృద్ధులను నాలుగడుగులు నడిపించండి. తిరుగు ప్రయాణం చీకటి పడేలోగా ముగియాలి. అందుకోసం ఒక గది అద్దె, సోమవారం ఒక పూట సెలవు ఖర్చవుతాయి. అది యాత్ర ఖర్చులో భాగమని ముందే వ్రాసుకోండి. అది లేకపోతే యాత్రను ఒక చోటుకు కుదించుకోండి.

మన్యం నుండి తిరిగివచ్చినవారు మరొక మాట గుర్తుంచుకోవాలి. అక్కడ దోమ కుడితే వచ్చే మలేరియా జ్వరం సాధారణంగా వారం, రెండు వారాల తరువాత బయటపడుతుంది, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా. అప్పటికి యాత్ర మరచిపోతారు. జ్వరం వస్తే వైద్యునికి మొదటి మాటగా "మేము అరకు వెళ్లివచ్చాము" అని చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష ఉచితం. మెదడుకు ఎక్కే రకాన్ని మూడు రోజులు ఆలస్యంగా కనుగొనడం ఎంత ప్రమాదమో నేను కళ్లారా చూశాను.

రోడ్డు మీద ఎవరికైనా ప్రమాదం జరిగితే 108కి గాని, 112కి గాని, జాతీయ రహదారి మీదనైతే 1033కి గాని ఫోను చేయండి. గాయపడినవారిని సహాయబుద్ధితో ఆసుపత్రికి చేర్చినవారికి చట్టం రక్షణ ఇస్తున్నది. 2025 మే నుండి ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించనవసరం లేని చికిత్స పథకం అమలులోకి వచ్చింది. ఆ సంగతి ఆసుపత్రిలో అడగండి.

ఇంతకీ ఈ వ్యాసం ఎవరి కోసం? స్టీరింగు పట్టేవారి కోసం కొంత. అంతకంటే ఎక్కువగా వెనుక సీటులో కూర్చునే పెద్దల కోసం. అత్తమామలారా, తల్లిదండ్రులారా, "పిల్లలు ఏమనుకుంటారో" అని ఊరుకోకండి. రాత్రి పదకొండు గంటలకు కొడుకు తాళంచెవి తీస్తే, "నేను కారు ఎక్కను, పొద్దున వెళ్దాం" అని గట్టిగా కూర్చోండి. ముసలివాళ్ల చాదస్తం అంటారు, అననివ్వండి. కత్తిపూడి దాటిన తరువాత ఆ గన్నేరు మొక్కల మధ్య నిలబడి, మనవరాలి నుదుటి రక్తం తుడుస్తూ, ఆ చాదస్తం నాకెందుకు లేకపోయిందని నేను ఏడ్చాను.

మా వీధి యువకునికి మాత్రలు వ్రాసివ్వలేదు. ఈ వ్యాసాన్ని అచ్చువేసి రేపు అతని దుకాణంలో ఇచ్చివస్తాను. అతని తండ్రిగారికి కూడా ఒక ప్రతి ఇస్తాను. అతని ప్రయాణం వచ్చే శుక్రవారం.

మీ ఇంట్లో కూడా ఇటువంటి శుక్రవారం ఉంటే, ఈ పూటే మాట్లాడుకోండి.

మీ శ్రేయోభిలాషి.